ఆడ కుందేలుకు గర్భసంచి ఆపరేషన్, ఆ తరువాత తోడు: ఒకే పనిలోని రెండు అంచెలు

మనం ఇళ్లలో పెంచుకునే కుందేళ్లన్నీ ఐరోపా అడవి కుందేలు సంతతివే. ఆ అడవి కుందేళ్లు నేలలో బొరియలు తవ్వుకొని గుంపులుగా కాపురం ఉంటాయి. ప్రమాదాన్ని పసిగట్టిన కుందేలు వెనుక కాలితో నేలను దబ్బున తన్నిందంటే, మేస్తున్నవన్నీ క్షణంలో బొరియల్లోకి దూరిపోతాయి. ఎన్నో తరాలుగా మనుషుల మధ్య పెరుగుతున్నా ఆ గుంపు స్వభావం వాటిని విడిచిపెట్టలేదు. మనం ఎంత ముద్దు చేసినా తన జాతి తోడు లేని లోటు ఒంటరి కుందేలుకు ఉండనే ఉంటుంది. అయితే తన చోటు మీద పట్టుదల కూడా ఆ జంతువుకు అంతే గట్టిది, ముఖ్యంగా ఆడదానికి. తోడు కావాలి కదా అని కొత్త కుందేలును తెచ్చి నేరుగా దాని గూటిలో వదిలితే, నిమిషం తిరగకముందే బొచ్చు గాలిలో ఎగురుతుంది, చెవులు చిరుగుతాయి.

తోడు కావాలన్న కోరికకూ, చోటు వదలనన్న పంతానికీ మధ్య నిలబడేవి హార్మోన్లు. వాటిని ఆపరేషన్‌తో ముందు శాంతింపజేసి, ఆ శాంతి ఒంటికి పూర్తిగా పట్టేదాకా ఆగి, ఆ తరువాతే తోడును పరిచయం చేయాలి. ఆపరేషన్‌ను వైద్యుడి పనిగా, జత కుదర్చడాన్ని ఇంటి పనిగా వేరు చేసి చూసేవారు సాధారణంగా ఈ రెండింటి మధ్య ఉండే నిరీక్షణ కాలాన్ని తేలికగా తీసుకుంటారు. చాలా జతలు చెడేది అక్కడే.

ఆపరేషన్ ఎందుకు

ఆవు, కుక్క వంటి జంతువుల్లో ఎదకు ఒక లెక్క ఉంటుంది. ఆడ కుందేలుకు అలాంటి స్థిరమైన లెక్క లేదు. దాని అండం నెలనెలా దానంతట అది విడుదల కాదు. మగదానితో కలిసిన తరువాత సుమారు 10 నుంచి 13 గంటల్లో విడుదలవుతుంది. అందువల్ల ఈడు వచ్చిన ఆడ కుందేలు ఎక్కువ రోజులు ఎద మీదే ఉన్నట్టు లెక్క. చూలు దాదాపు 31 రోజులు మోస్తుంది, ఈనిన కొద్ది గంటలకే మళ్లీ చూలు కట్టగలదు. ఈ ఒరవడి ఒంట్లో నిరంతరం నడుస్తుంటే ప్రవర్తన మారకుండా ఎలా ఉంటుంది? నిన్నటిదాకా ఒడిలో కూర్చున్న పిల్ల ఐదో నెలలో గూటిలోకి చేయి పెడితే గుర్రుమని మీదికి దూకుతుంది, లిట్టర్ ట్రే (మలమూత్రాల కోసం పెట్టే పళ్లెం) అలవాటు మరచి మూలమూలలా మూత్రం చిమ్ముతుంది, పాదాల చుట్టూ గిరగిర తిరుగుతుంది. దానిని మొండి కుందేలు అనుకొని దూరం పెట్టేవారు ఉన్నారు. అది మొండితనం కాదు, ఒంటి బాధ.

మగ తోడు లేకపోయినా కొన్నింటికి ఉత్తుత్తి చూలు వస్తుంది. అప్పుడు అవి నోటినిండా ఎండుగడ్డి అడ్డంగా కరచుకొని మూలకు మోస్తాయి. పొట్ట మీదా గంగడోలు దగ్గరా బొచ్చును గుప్పెళ్లుగా పీకి గూడు పరుస్తాయి. 16 నుంచి 18 రోజులపాటు, పుట్టబోని పిల్లల కోసం ఆ గూటిని కాపాడుకుంటాయి. ఒకసారి ఆ దృశ్యం చూసినవారికి ఆపరేషన్ ఎందుకని మళ్లీ అడగవలసిన అవసరం ఉండదు.

వీటన్నిటినీ మించిన కారణం గర్భసంచి క్యాన్సర్. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లలో ఇది చాలా ఎక్కువ. వయసుతోపాటు ముప్పు పెరుగుతూ, కొన్ని జాతుల్లో నాలుగేళ్లు దాటిన ఆడవాటిలో సగానికి పైగా ఈ జబ్బు కనిపించినట్టు పరిశోధనల్లో తేలింది. తొలిదశలో బయటికి ఏమీ తెలియదు. మూత్రంలో రక్తపు చుక్కలు, గడ్డలు కనిపించేనాటికి కొన్నిసార్లు అది ఊపిరితిత్తులకు పాకి ఉంటుంది. (కొన్ని ఆకులు తిన్నప్పుడు కుందేలు మూత్రం సహజంగానే నారింజ, ఇటుక రంగుల్లోకి మారుతుంది కనుక రంగు చూసి బెంబేలు పడనక్కరలేదు, అయినా అనుమానం ఉంటే పరీక్ష చేయించడమే మంచిది.) అండాశయాలను, గర్భసంచిని తీసివేస్తే ఈ ముప్పు తొలగిపోతుంది.

ఎప్పుడు, ఎవరి చేత

ముందుగా అది నిజంగా ఆడదేనా అని వైద్యుని చేత నిర్ధారించుకోండి. పిల్లలప్పుడు తేడా కనిపెట్టడం కష్టం. మగ పిల్లల వృషణాలు సుమారు 10 నుంచి 12 వారాల వయసులో గాని కిందికి దిగవు, దిగిన తరువాత కూడా కుందేలు వాటిని పొట్టలోకి లాక్కోగలదు. రెండూ ఆడవే అని చెప్పి ఇచ్చిన జత నెల తిరిగేసరికి ఆరు పిల్లలతో కనిపించడం అరుదైన సంగతేమీ కాదు.

చిన్న జాతులకు నాలుగు నెలలకే ఈడు వస్తుంది, పెద్ద జాతులకు ఇంకొంత కాలం పడుతుంది. ఎక్కువమంది వైద్యులు ఐదారు నెలల వయసును అనువైనదిగా భావిస్తారు. అప్పటికి ఒళ్లు మత్తును తట్టుకొనేంత ఎదిగి ఉంటుంది, గర్భసంచి చుట్టూ కొవ్వు ఇంకా పేరుకొని ఉండదు. వయసు మళ్లినదానికి చేయించకూడదన్న నియమం లేదు గాని, ముందు రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి. బాగా ఒళ్లు చేసిన కుందేలైతే, అత్యవసరం కానప్పుడు, వైద్యుని సలహాతో నెమ్మదిగా బరువు తగ్గించి అప్పుడు చేయించడం క్షేమం.

వైద్యుని ఎంపికలో మొహమాటం పనికిరాదు. కుందేలు చిన్న కుక్క కాదు, చిన్న పిల్లి అంతకన్నా కాదు. దాని గర్భసంచి రెండు వేర్వేరు కొమ్ములుగా ఉండి, ఒక్కొక్కటీ తన సొంత ద్వారంతో తెరుచుకుంటుంది. గొంతు సన్నగా, లోతుగా ఉండటం వల్ల శ్వాసగొట్టం వేయడానికే ప్రత్యేకమైన నేర్పు కావాలి. బ్రిటన్‌లో 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో మత్తు సమయంలోనో, ఆ తరువాత రెండు రోజుల లోపలో చనిపోయినవాటిని లెక్కించారు. ఆరోగ్యంగా ఉన్న కుందేళ్లలో అది 0.73 శాతం, అంటే నూటికి ఒకటి కన్నా తక్కువ, కాని ఆరోగ్యంగా ఉన్న కుక్కల కన్నా, పిల్లుల కన్నా చాలా ఎక్కువ. అదే అధ్యయనంలో ఆ మరణాల్లో అధిక భాగం ఆపరేషన్ బల్ల మీద కాక, మత్తు వదిలే గంటల్లో జరిగినట్టు తేలింది. కనుక ఆ గంటల్లో కుందేలును ఎవరు కనిపెట్టుకొని ఉంటారన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న.

ఇంకా ఏమి అడగాలంటే, ఆయన కుందేళ్లకు ఈ ఆపరేషన్ తరచుగా చేస్తారా, ఆపరేషన్‌కు ముందూ తరువాతా నొప్పి మందు ఇస్తారా, ఇంటికి ఎన్ని రోజులకు సరిపడా ఇస్తారు, కుట్లు చర్మం లోపలే కరిగిపోయేవి వేస్తారా, అది తినడం మొదలుపెట్టిన తరువాతే ఇంటికి పంపుతారా. అన్నిటికన్నా ముఖ్యంగా, ముందు రాత్రి నుంచి పస్తు ఉంచమంటారేమో తెలుసుకోండి. కుక్కలను, పిల్లులను పస్తు ఉంచేది మత్తులో వాంతి చేసుకుంటాయన్న భయంతో. కుందేలుకు వాంతి చేసుకొనే శక్తే లేదు. దాని పేగులు ఆగకుండా కదులుతూ ఉండాలి, పస్తు ఉంచితే ఆ కదలిక మందగిస్తుంది. మత్తుకు కొద్దిసేపటి ముందు నోటిలో మేత మిగలకుండా చూస్తే చాలు. రాత్రంతా ఏమీ పెట్టకండి అని చెప్పే చోట మర్యాదగా సెలవు తీసుకొని మరొకరిని వెతుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

మందుల విషయంలోనూ ఒక హెచ్చరిక. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్, అమాక్సిసిలిన్, క్లిండమైసిన్ వంటివి కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి ప్రాణం మీదికి తెస్తాయి. మనుషుల కోసం ఇంట్లో ఉన్న మాత్రలేవీ సొంతంగా ముక్క చేసి వేయకండి.

ఆ మొదటి రాత్రి

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు దానికి అలవాటైన ఎండుగడ్డి, ఇష్టమైన ఆకులు, నీళ్లు తాగే గిన్నె వెంట తీసుకువెళ్లండి. కళ్లు తెరవగానే తెలిసిన వాసన తగిలితే నోరు త్వరగా కదులుతుంది. ఇంట్లో గూటికి పై అంతస్తు ఉంటే మూసివేయాలి, నేల మీద రంపపు పొట్టు తీసి శుభ్రమైన తువ్వాలు పరచాలి. పొట్టు కుట్లకు అంటుకుంటుంది.

ఇంటికి వచ్చిన కుందేలు ముడుచుకొని ఒక మూల కూర్చుంటుంది. దానిని ఎత్తి ఓదార్చాలనిపిస్తుంది, కాని ఎత్తితే కుట్ల మీద లాగుడు పడుతుంది. మీరు నేల మీద దాని పక్కన కూర్చోవడమే ఓదార్పు. చెవులు ముట్టుకొని చూడండి. చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి, కావాలంటే దానంతట అది దూరంగా జరిగే వీలు ఉంచండి. తరువాత గమనించవలసినవి రెండే: తిండి, పెంటికలు. మా కుందేలుకు ఆపరేషన్ అయిన రాత్రి నేను దాని ముందు కొత్తిమీర కాడ ఒకటి పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. ముందు అది ముఖం తిప్పుకుంది. అర్ధరాత్రి దాటాక ముక్కు కదిలింది, పెదవి ఆకు అంచును తడిమింది, ఆ తరువాత కరకరమని చిన్న శబ్దం. తెల్లవారేసరికి ట్రేలో మిరియాలంత పెంటికలు నాలుగైదు కనిపించాయి, మామూలు వాటికన్నా చిన్నవి, వంకరవి. పేగులు కదిలాయని అవే చెప్పాయి.

ఇంటికి వచ్చిన 12 గంటలు గడిచినా ఏమీ తినకపోతే, పెంటికలు పూర్తిగా ఆగిపోతే, తెల్లవారనీ అనుకోకుండా వైద్యునికి ఫోన్ చేయాలి. కళ్లు సగం మూసుకొని ఉండటం, పళ్లు గట్టిగా కొరకడం, పొట్టను నేలకు అదుముకోవడం నొప్పికి గుర్తులు. కుందేలు సాధారణంగా మూలగదు, అరవదు. వేటాడబడే జంతువు కనుక బాధను దాచుకోవడమే దానికి తెలిసిన రక్షణ. అందువల్ల బాగానే కనిపిస్తోంది కదా అని నొప్పి మందును మధ్యలో మానవద్దు. వైద్యుడు చెప్పినట్లయితే నానబెట్టిన పెల్లెట్ల (గుళికల మేత) పిండిని సూది లేని సిరంజితో పెదవి పక్కనుంచి కొద్దికొద్దిగా పెట్టవచ్చు. పొట్ట ఉబ్బి గట్టిగా ఉన్నప్పుడు మాత్రం ఆ పని చేయకూడదు. అది పేగుకు అడ్డుపడిన లక్షణం కావచ్చు, మేత పెడితే కీడు జరుగుతుంది.

కుట్లను రోజుకు రెండుసార్లు చూడండి. ఎరుపు, వాపు, తడి, చెడు వాసన ఉండకూడదు. మెడకు గిన్నెలాంటి కాలర్ తప్పనిసరైతే తప్ప వేయించవద్దు. కుందేలు తన మెత్తటి పెంటికలను నేరుగా వెనుక నుంచి నోటితో అందుకొని తిరిగి తింటుంది, దాని పోషణలో అది ముఖ్యభాగం, ఆ కాలర్ దానికి అడ్డుపడుతుంది. పది రోజుల పాటు గెంతులు, మెట్లు లేకుండా చూస్తే గాయం సాధారణంగా మానుతుంది.

గాయం మానింది, హార్మోన్లు దిగలేదు

పది రోజులకు గాయం మాని, బొచ్చు మొలవడం మొదలై, కుందేలు చలాకీగా తిరుగుతుంటే పని అయిపోయిందనిపిస్తుంది. నేను కూడా అలాగే అనుకొని మూడో వారంలోనే తోడును తెచ్చి ఎదురెదురుగా వదిలాను. మొదటి రెండు నిమిషాలు వాసన చూసుకున్నాయి. మూడో నిమిషంలో రెండూ ఒకదాని తోకను మరొకటి పట్టుకోబోతూ సుడిగాలిలా తిరిగాయి. విడదీసేసరికి నేలంతా బొచ్చు. పైకి గాయమేమీ లేదని సమాధానపడ్డాను. రెండు రోజుల తరువాత నడుం మీద బొచ్చు విడదీసి చూస్తే చీము పట్టిన పంటిగాటు ఉంది. ఆ గాయానికి పట్టిన రోజుల కన్నా, అవి ఒకదానినొకటి చూసి ఉలిక్కిపడటం మానడానికి పట్టిన రోజులు చాలా ఎక్కువ.

ఆపరేషన్ తరువాత ఆడ కుందేలు ఒంట్లో హార్మోన్ల ప్రభావం తగ్గడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మగదాని లెక్క వేరు: వృషణాలు తీయించిన తరువాత కూడా ఆరు వారాల దాకా అది చూలు కట్టించగలదు. రెండు లెక్కల్లో ఏది ఆలస్యంగా ముగిస్తే దానినే పాటించండి. ఈ వారాలు వృథా పోవు, ఎందుకంటే కంచెకు అటూ ఇటూ ఉంచి వాసనలు అలవాటు చేసే పని ఈలోగా మొదలుపెట్టవచ్చు.

తోడుగా ఎవరిని ఎంచుకోవాలంటే, ఆపరేషన్ అయిన ఆడదానికి ఆపరేషన్ అయిన మగది అన్నింటికన్నా సులువుగా కుదిరే జత. రెండు ఆడవి కుదరవని కాదు. ఒకే ఈతలో పుట్టి కలిసి పెరిగినవైతే బాగానే ఉంటాయి, పెద్దయ్యాక కలిపినవైతే చోటు కోసం పోరు ఎక్కువ. జాతి, రంగు, పరిమాణం అంతగా లెక్కలోకి రావు, స్వభావం లెక్కలోకి వస్తుంది. వీలుంటే జంతువుల ఆశ్రయ కేంద్రానికి మీ కుందేలును తీసుకువెళ్లి, అక్కడ రెండు మూడింటిని దూరం నుంచి చూపించి, దేనిని చూసి అది ప్రశాంతంగా ఉందో దానినే తెచ్చుకోవడం ఉత్తమం. గినీ పందిని తోడుగా పెట్టవద్దు. కుందేలు తన్నుకు అది తట్టుకోలేదు, వాటి మేత అవసరాలు వేరు, కుందేలుకు ఏ హానీ చేయని కొన్ని సూక్ష్మజీవులు దానికి జబ్బు చేస్తాయి. కొత్తగా వచ్చిన కుందేలును రెండు వారాలు వేరే గదిలో ఉంచి, వైద్యునికి చూపించి, మీ ప్రాంతంలో ఇచ్చే టీకాలు వేయించిన తరువాతే కంచె దగ్గరికి తీసుకురండి.

కంచెకు అటూ ఇటూ

రెండు గూళ్లను పక్కపక్కన పెట్టి, మధ్య ఒక కంచె కాకుండా రెండు కంచెలు, వాటి నడుమ నాలుగైదు వేళ్ల వెడల్పు ఖాళీ ఉండేలా కట్టండి. ఒక్క కంచే ఉంటే ఊచల సందులోంచి ముక్కు, కాలివేలు కొరికేస్తాయి. ఒకసారి కొరికించుకున్న కుందేలు ఆ వాసనను శత్రువుగానే గుర్తుపెట్టుకుంటుంది. రోజూ మేత గిన్నెలను కంచెకు చెరోపక్క పెట్టండి. ముందు దూరంగా, క్రమంగా దగ్గరగా. ఎదుటిదాని వాసనా, ఇష్టమైన మేతా ఒకే సమయంలో అందితే ఆ వాసన మీద కోపం నెమ్మదిగా కరుగుతుంది.

రెండు మూడు రోజులకొకసారి వాటి చోట్లు మార్చండి: దీనిని దాని గూటిలో, దానిని దీని గూటిలో. లిట్టర్ ట్రేలు, తువ్వాళ్లు, ఆటవస్తువులు మారిస్తే ఇంకా మంచిది. మొదట్లో మా ఆడ కుందేలు మగదాని ట్రేలోకి దూకి కోపంగా కాళ్లతో తవ్విపోసేది, చుట్టూ పెంటికలు వేసి ఇది నాదని ప్రకటించేది. వారం తరువాత అదే ట్రేలో కూర్చొని తీరిగ్గా గడ్డి నమిలింది. ఈ అంచె ముగిసిందని చెప్పేవి ఇలాంటి మార్పులే. గుర్రుమనడాలు ఆగి, కంచె పక్కనే రెండూ ఒళ్లు చాచి పడుకుంటున్నా, ఎదుటిదానికి వీపు చూపించి ముఖం కడుక్కుంటున్నా ముందుకు సాగవచ్చు. అది రెండు వారాల్లో రావచ్చు, రెండు నెలలూ పట్టవచ్చు.

ఎవరిదీ కాని చోట

మొదటి ముఖాముఖి రెండింటికీ పరిచయం లేని చోట జరగాలి. అంతవరకు ఏ కుందేలూ అడుగుపెట్టని గది, వరండా మూల, ఖాళీ స్నానాల గది అయినా సరే. నేల జారితే కుందేలు భయపడుతుంది కనుక దుప్పటి పరవండి. దాక్కొనే పెట్టె పెడితే దానికి రెండు దారులు ఉండాలి, లేకపోతే ఒకటి లోపల ఇరుక్కొని పోరాటానికి దిగుతుంది. మధ్యలో ఎండుగడ్డి పెద్ద కుప్పగా పోయండి, ఒకే గిన్నె పెట్టవద్దు. పక్కన మందపాటి చేతితొడుగులు, వెడల్పాటి చేట ఒకటి ఉంచుకోండి. పోట్లాట జరిగితే మధ్యలోకి వెళ్లవలసింది చేట, మీ ఉత్త చేయి కాదు. కుందేలు పన్ను ఎముక దాకా దిగుతుంది.

మొదటిరోజు ఐదు నుంచి పది నిమిషాలు చాలు. చూడవలసినదేమిటో ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే మామూలు సర్దుబాటునూ, నిజమైన పోరునూ వేరు చేయలేక అనవసరంగా విడదీసేవారు కొందరైతే, ఆలస్యంగా విడదీసేవారు కొందరు. కొద్దిసేపు తరమడం, ఒకటి రెండు గుప్పెళ్ల బొచ్చు రాలడం, ఒకటి మరొకదాని మీదికి ఎక్కడం మామూలే. ఎక్కడం ఇక్కడ కామం కాదు, ఇద్దరిలో పెద్ద ఎవరన్న తగువు. ఎక్కించుకున్నది నెమ్మదిగా ఉంటే కొన్ని క్షణాలు సాగనిచ్చి, బెదిరితే పక్కకు దించండి. తలవైపు నుంచి ఎక్కితే మాత్రం ఒక్క క్షణం కూడా ఆగవద్దు. కింద ఉన్నది మర్మాంగాన్ని కొరికితే గాయం ఘోరంగా ఉంటుంది. తోక నిక్కబొడుచుకొని, చెవులు వెనక్కి అతుక్కొని, ఒళ్లు బిగిసిందంటే దాడికి సిద్ధమైనట్టే. అప్పుడే చేటను మధ్యలో నిలిపి చూపు తప్పించండి. సుడితిరగడం మొదలైతే వెంటనే విడదీసి ఆ రోజుకు ఆపేయండి, రెండింటి ఒళ్లంతా బొచ్చు విడదీసి చూడండి, మళ్లీ కొన్ని రోజులు కంచె దగ్గరికే వెళ్లండి.

ఆశ కలిగించే గుర్తులు ఇంత ఆర్భాటంగా ఉండవు. ఒకదానినొకటి పట్టించుకోకపోవడం మంచి గుర్తు. ఎదుట మరొక కుందేలు ఉండగా గడ్డి తినడం, కాలు నాక్కోవడం ఇంకా మంచివి. ఆ తరువాత ఒకరోజు ఒక కుందేలు నెమ్మదిగా వచ్చి రెండోదాని ముక్కు ముందు తల నేలకు ఆనించి, గడ్డం చాపి, కదలకుండా ఉండిపోతుంది. తల నాకమని అడగడం అది. చాలా జతల్లో ఇద్దరూ తలలు వంచి, ఇద్దరూ ఎదుటివారే నాకాలని పట్టుబట్టి నిమిషాల తరబడి అలా ఉండిపోతారు. మా ఇంట్లో మగది ముందుగా లొంగింది. ఆడదాని నుదుటి మీద రెండుసార్లు నాకి, ఏమంటుందోనని ఆగి, మళ్లీ నాకింది. ఆడది కళ్లు సగం మూసుకొని పళ్లను చాలా మెల్లగా కటకటలాడించింది. నొప్పితో గట్టిగా కొరకడం వేరు, ఇది వేరు. ఇది కుందేలు తృప్తి శబ్దం.

ప్రతి ముఖాముఖినీ ప్రశాంతంగా ఉన్నప్పుడే ముగించండి, గొడవ వచ్చేదాకా పొడిగించకండి. రోజూ ఇదే పనిగా చేస్తూ పది నిమిషాలను అరగంటకు, అరగంటను రెండు గంటలకు పెంచండి. భయపెడితే ఒకదానినొకటి హత్తుకుంటాయని చెప్పి రెండింటినీ బుట్టలో పెట్టి కారులో తిప్పేవారు, గట్టిగా శబ్దం చేసే యంత్రం పక్కన ఉంచేవారు ఉన్నారు. నేను దానిని సమర్థించను. అప్పుడు అవి హత్తుకొనేది స్నేహంతో కాదు, ప్రాణభయంతో. ఆ భయం పేగుల మీద పడితే మేత మానేసే ప్రమాదం కూడా ఉంది.

ఒకే గూటిలోకి

కొన్ని గంటలు కలిసి తిని, కలిసి పడుకొని, ఒకదానినొకటి నాకుతూ ఉంటే, మీరు ఇంట్లోనే ఉండే రెండు రోజులు చూసుకొని వాటిని ఆ కొత్త చోటనే రాత్రింబవళ్లు కలిపి ఉంచండి. ఆ రెండు రోజులూ ఒక్క తగువూ లేకపోతేనే శాశ్వతమైన చోటుకు మార్చాలి. ఆ చోటు పాతది అయితే ముందుగా అంతా కడిగి, వస్తువుల అమరిక మార్చి, పాత హద్దుల వాసన చెరిపివేయండి. మళ్లీ నాలుగు రోజులు తరమడాలు కనిపించవచ్చు, సర్దుకుంటాయి. ఇరుకు చోటు ఎంతటి స్నేహాన్నైనా చెడగొడుతుంది. జతకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు చోటు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. నీళ్ల గిన్నెలు, ట్రేలు, గడ్డి కుప్పలు, దాక్కొనే చోట్లు అన్నీ కనీసం రెండేసి ఉంచండి.

కుదిరిన జతను విడదీయకండి. ఒకదానికి జబ్బు చేసినా ఇద్దరినీ ఒకే బుట్టలో వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి, ఎందుకంటే ఒంటరిగా వెళ్లి వచ్చినది ఆసుపత్రి వాసనతో వస్తుంది, ఇంట్లో ఉన్నది దానిని అపరిచితురాలిగా చూసి మీదపడవచ్చు. తప్పనిసరిగా ఒకటి అక్కడ ఉండిపోవలసి వస్తే, దాని తువ్వాలును ఇంట్లోదానికీ, ఇంట్లోదాని తువ్వాలును దానికీ పంపుతూ ఉండండి, తిరిగి వచ్చాక మళ్లీ కొద్దిసేపు కంచె మీదుగానే కలపండి.

జతలో ఒకటి చనిపోతే, ఆ శరీరాన్ని రెండోదాని దగ్గర కొంతసేపు ఉంచండి. అది వాసన చూస్తుంది, ముక్కుతో నెడుతుంది, కొన్ని చివరిసారి నాకుతాయి కూడా. అలా చూసిన కుందేలు వెతకడం త్వరగా మానుతుంది. తరువాతి రెండు మూడు రోజులు దాని మేతను, పెంటికలను ఆపరేషన్ రాత్రి గమనించినట్టే గమనించండి. దిగులుతో మేత మానిన కుందేలుకు కూడా పేగులు ఆగిపోతాయి. అది మళ్లీ బాగా తింటూ కంచె వైపు ఆసక్తిగా చూస్తోందనిపించినప్పుడు కొత్త తోడు సంగతి ఆలోచించవచ్చు. ఈసారి మీ ఆడ కుందేలుకు ఆపరేషన్ అయిపోయింది కనుక, మొదలు పెట్టవలసింది రెండు కంచెల దగ్గర నుంచి.